వత్తు తెగింది

మొదట చూసింది నేను కాదు,
దండాసి మహారణా.
పగిలిన అద్దం ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని
"ఏటమ్మా, నా కొమ్ముని కింద ఎవుడో కోసేసినాడు" అన్నాడు.

నిజమే. పేజీ నెత్తిన పెద్దక్షరాల్లో
పర్లాకిమిడి కొము బొమలు.
కొమ్ముకి కొమ్ముంది, మ వత్తు లేదు.
బొమ్మలు కాస్తా బొమలయ్యాయి,
ఎవరి కళ్ళమీదవో గీకి అమ్ముతున్నట్టు.
పక్కన ఒడియా పేరుకి నెత్తిమీది గుడి ఎగిరిపోయింది.
ఇంగ్లీషు ఒక్కటే
కాలుమీద కాలేసుకుని హాయిగా కూర్చుంది.
దానికి కిందా మీదా చుట్టాలు లేరు మరి.

జిరాక్సు కొట్టు మేడమీద, కరెంటు పోయేలోగా,
కూర్మారావు వదిలెళ్ళిన ఫైలు తెరిచాను.
మూడువేల రెండువందల పన్నెండు వరసలు.
ప్రతి మూడో వరస చివరా
ఆశ్చర్యార్థకం తగిలించిన ఇంపార్టెంట్,
దాన్ని ఓడించడానికి కిందన ఇంకో ఇంపార్టెంట్.
అందరూ పల్లకీ ఎక్కేశారు,
బోయీ ఒక్కడూ లేడు.

ఒక పెట్టె పేరు కొత్తబాక్స్-రెండు-ఫైనల్.
ఇంకోదాని పేరు ఎర్రబటన్,
అది ఆకుపచ్చగా ఉంది,
ఏ పండక్కి రంగేశారో.
మెనూ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదో అంతస్తులో ఉంటే
దాని మీదెక్కాలని డిస్కౌంటు బోర్డు
ఇంకో తొమ్మిది అతికించుకుంది.
నలుపే పదకొండు రకాలు.
ఇందులో నీ కొమ్ము నలుపేదని దండాసినడిగితే
వేలితో అన్నీ తోసి చూసి
"ఏదీ కాదు" అన్నాడు.

కూర్మారావుని తిడదామనే కూర్చున్నాను.
రెండువేల నలభయ్యో వరసలో
ఒక కామెంటు:
"ఇది తీస్తే అన్నీ కదిలిపోతున్నాయి. ఎందుకో తెలీదు. తీయకండి."
కోపం అక్కడ ఆగింది.
ఇలాంటివి నేనూ రాశాను,
పేరు పెట్టకుండా.

మర్నాడు వాళ్ళ పనిశాలకెళ్ళాను.
బొగ్గుల మీద కొమ్ము వెచ్చబడుతోంది,
కాలిన వెంట్రుక వాసన.
మెత్తబడ్డప్పుడే వంచాలట,
చల్లారాక బలం చూపిస్తే పగుల్తుందట.
ఆకురాయితో కొంగ మెడ రుద్దుతూ అన్నాడు:
"దీన్లో తీయడమే తల్లీ, పెట్టడం నేదు."
నా పనిలో పెట్టడం మరీ సుళువు, బాబాయ్,
అదే జబ్బు.

రాత్రికి మొదలుపెట్టాను.
ఒక్క వరస తీయడం, చూడడం.
పేజీ కదల్లేదా, దాన్ని మర్చిపోవడం.
కదిలితే తిరిగి పెట్టి, ఎందుకో కనుక్కోవడం.
నలుపుకి ఒకే పేరు పెట్టి పైన రాశాను, "కొమ్ము-నలుపు",
రేపు మారిస్తే ఒక్కచోటే మారాలి.
బటన్‌కి రంగు పేరు తీసేశాను,
అది చేసే పని పేరు పెట్టాను, "కొను".
మనిషికైనా చొక్కా రంగు చూసి పేరు పెడతామా?
ముందు దండాసి ఫోనంత వెడల్పుకి సర్ది
తర్వాతే పెద్ద తెరకి చాపలా పరిచాను.

అసలు దోషం చిన్నది.
పేరున్న గదికి ఎత్తు ముప్పై అని కొలిచి
మిగిలింది కనబడకూడదని తలుపేశాడు,
వరసకీ వరసకీ మధ్య ఊపిరాడనివ్వలేదు.
ఇంగ్లీషుతో కొలిచిన గది అది.
కొలత చెరిపాను. ఒకటీ పాయింట్ ఏడు జాగా ఇచ్చాను.
వత్తు దిగింది,
పాపం ఎన్నాళ్ళనుంచి కాళ్ళు ముడుచుకునుందో.

పొద్దున్న దండాసి చూశాడు.
"కొమ్ము బాగున్నాది. కొంగ ధర తప్పు.
నాలుగొందలు కాదు, ఆరొందలు."

ఇప్పుడు ఫైలు ఎనిమిదివందల డెబ్భై వరసలు.
కూర్మారావు కామెంటు కింద వరస నాలుగుసార్లు తీశాను,
నాలుగుసార్లూ కొంగలన్నీ
కుడిపక్కకి వాలిపోయాయి.
తిరిగి పెట్టేశాను.
అతని మాట కింద నా మాట రాశాను:
"నాకూ తెలీదు. శెట్టివీధి మేడమీద, కరెంటు లేదు.
మీకు తెలిస్తే ఇక్కడ రాయండి."