నాలుగు ఓముల లెక్క

మూడు ఊర్ల సంఘాలు మూడు డబ్బాలు తెచ్చినయ్
హాలియా మార్కెట్ యార్డుకు.
హాలియా వాళ్ళది నల్ల రెక్సిన్ కప్పుకున్నది,
నిడమనూరు వాళ్ళది ఇనుప జాలీ తొడుక్కున్నది,
మూడోది కాలువ చివర ఊరోళ్ళది:
పాత తలుపు చెక్కతోటి చేసింది,
గొళ్ళెం పీకిన బొక్కలు ఇంకా అట్లనే ఉన్నయ్.
ట్రాలీ ఆటోల పరుపేసి పండవెట్టి
ఆపరేషనైన మనిషిని తెచ్చినట్టు తెచ్చిన్రు.

బేసు గిటారు ఒక్కటే. ఆంప్లిఫైయరు ఒక్కటే.
వాయించేది కెజియా, ఇంటర్ రెండో సంవత్సరం.
"సోమ్లన్నా, మూడూ మోగాలె.
ఒక్కటి పక్కన పెట్టినా
రేపు ఆ ఊరోళ్ళు కానుక వెయ్యరు" అన్నది.

నేను మోటర్లకు చుట్టు చుట్టేటోన్ని.
పాటల సంగతి నాకు తెల్వది.
కాలిన వార్నీషు వాసన తెలుసు.
ఎండకాలం రాత్రి త్రీఫేజు ఒచ్చే యాళ్ళకు
ఒక్క ట్రాన్స్‌ఫార్మరు మీద ముప్పై స్టార్టర్లు ఒక్కపారి కొడితే
తెల్లారి నా దుకాణం ముంగట
ఎన్ని మోటర్లు వరుస కడతయో తెలుసు.

ఆంప్లిఫైయరు ఎనక టార్చి కొట్టి చదివిన:
నాలుగు ఓములకు తక్కువ ఒద్దు.
ఒక్కో డబ్బా ఎనిమిది.
రెండు పక్కపక్కన కలిపితే నాలుగు, సరిపాయె.
మూడోది గూడ పక్కనే కలిపితే మూడుకు తక్కువ.
అడ్డం తగ్గినకొద్ది కరెంటు ఉరుకుతది,
తూములన్నీ ఒక్కపారి ఎత్తినట్టు.
తెగే గట్టు మాత్రం మిషన్ లోపల ఉంటది.
మూడింటినీ ఒకదాని తోకకు ఒకటి కట్టినమా, ఇరవై నాలుగు:
మిషన్ సల్లగుంటది,
పాట గూడ సల్లవడ్తది.

సిమెంటు నేల మీద సుద్దతోటి గీసిన, తుడిసిన, గీసిన.
రెండు డబ్బాలు ఒక వరుస,
ఆ వరుస పక్కన ఒక్క డబ్బా.
ఐదు దాటింది. బతికినం.

కానీ లెక్కల ఇంకో లెక్క ఉన్నది.
ఒంటిగున్న డబ్బాకు నాలుగు పాళ్ళు,
జంటల ఉన్నయాటికి తలా ఒక్క పాలు.
ఈ ముక్క ఎవ్వరికి జెప్పలే.
ముగ్గురు పాస్టర్లు నా చేతుల దిక్కే చూస్తున్నరు.

నీళ్ళిడిసిన నాడు
మొదటి తూము కాడోళ్ళు
మడి నిండినంక గూడ మూత దించరు.
చివరోళ్ళు రాత్రంతా టార్చి పట్టుకొని కట్ట మీద నడుస్తరు,
తడి మట్టిని తొక్కి, ఇంతేనా అని నిలవడ్తరు.
నా తమ్ముని రెండెకరాలు ఆ చివరనే.

తలుపు చెక్క డబ్బాను ఒంటిగ పెట్టిన.

సన్న వైరు నమ్మలే. మోటరుకు గుంజే మందం వైరే గుంజిన.
టార్చిల సెల్లు తీసి ఒక్కోదానికి తాకిచ్చిన:
రెండు డబ్బాలు ముందుకు దూకినయ్,
నిడమనూరుది ఎనక్కి పోయింది.
లోపల ఎవరో ఎర్రకు నల్ల కలిపిన్రు.
అట్లనే ఇడిసిపెడితే
ఒకటి నూకిన గాలిని ఇంకోటి మింగుతది,
నడుమ కూసున్నోళ్ళకు బేసు అనేదే ఉండది.
తిప్పి కలిపిన.

కెజియా మందం తీగ మూడో మెట్టు మీద వేలు పెట్టింది.
అది నాకు తెలిసిన గొంతే!
తిరగలేక నిలవడ్డ మోటరు గుంయ్యిమనేదానికి
ఎంట్రుకంత కింద.
ఇరవై ఏండ్ల సంది వింటున్న,
దాన్ని పాటంటరని ఎవ్వరూ జెప్పలే.

చెక్క డబ్బా ఎనక కూసున్న.
గొళ్ళెం బొక్కలకెల్లి గాలి బుస్సుమంటున్నది,
ఒక్కో దెబ్బకు ఒక్కో బుస్సు.
ఒక బొక్కకు వేలు అడ్డం పెట్టిన.
ఇంకోదానికి ఇంకో వేలు.
వాసన చూస్కుంట ఉన్న. వార్నీషు కాలలే.

హాలియా పెద్ద దేవసహాయం సారు
వంగి నా చెవిల అన్నడు:
"మా డబ్బా చూసినవా సోమ్లా, ఎట్ల పలుకుతున్నదో!"

"అవును సారూ" అన్న,
వేళ్ళు తియ్యకుండ.