ఏ ఊరి నీళ్లు

మూత మీద చెయ్యి వెయ్యబోతే
జాన్ సైదా నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఆగు. టీ తాగొద్దాం."

ఆటోనగర్. మే నెల. పదకొండింటికే
రేకుల షెడ్డు పెనమై కూర్చుంది.
బానెట్ ఎత్తిన నా అంబాసిడర్
నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది.

టీ చల్లారింది. ఇంజను చల్లారలేదు.
ఇంకో టీ.
ఎప్పుడో ఒకసారి ఆగలేకపోయిన గుర్తు
అతని మోచేతి నుంచి చొక్కా లోపలికి
తెల్లగా పాకి ఉంటుంది. దాని ఊసెత్తడు.
మూత మాత్రం ఎవరినీ తియ్యనివ్వడు.
తడిగుడ్డ కప్పి, సగం తిప్పి,
బుస్సుమని ఆగేదాకా మొహం పక్కకి పెట్టి.

పప్పుచారు రంగు నీళ్లు దిగాయి తొట్టిలోకి.
అతుకు కరిగించి, పైడబ్బా విప్పి, లైటు పట్టి
"నలభైలో పదహారు పూడిపోయినయ్.
ఏం నీళ్లు పోశావయ్యా?"

ఏం నీళ్లని చెప్పను.
అద్దంకి రోడ్డులో బోరు నీళ్లు, ఉప్పు కషాయం.
కొమ్మమూరు కాలవలో ముంచుకొచ్చిన డబ్బాడు.
గుంటూరు పెద్దాసుపత్రి కొళాయి దగ్గర
ఆడవాళ్లు వరస తప్పి పట్టుకోనిచ్చిన నాలుగు సీసాలు.
ఒకసారి కాజ దాటాక, రాత్రి రెండింటికి,
వెనక సీట్లో నొప్పులు పడుతున్న పిల్ల
తాను తాగే సీసా ముందుకు చాపి
"పొయ్యన్నా, ముందు బండి తాగాలి" అంది.

సన్నటి పట్టీతో ఒక్కో గొట్టమూ పొడుస్తున్నాడు.
పెచ్చులు రాలుతున్నాయి, పాత గోడ సున్నంలా.
"థర్మోస్టాట్ ఏదీ?"
"పాత మెకానిక్ పీకేశాడు. అదుంటేనే వేడెక్కుద్దంట."
"బాగుంది. తలుపు ఊడబీకి
ఇంక ఇరుక్కోదన్నాడంట ఒకడు."

కొత్తది బిగించాడు. అతుకు పెట్టాడు.
ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి
అరంగుళం ఊగనిచ్చాడు, అంతకు మించి కాదు.
పచ్చటి కూలెంటు, తియ్యటి వాసన.
"కింద ఒలికితే కడిగెయ్యి, కుక్కలు నాకి చస్తాయి.
సగం ఇది, సగం బ్యాటరీ నీళ్లు.
ఇంకే నీళ్లూ పొయ్యమాక. ఎవరిచ్చినా."

వారధి మీద బండ్లన్నీ ఆగాయి.
ముల్లు మధ్యలో నిలబడింది, కదలకుండా.
జేబులో ఒక పెచ్చు, ఎందుకు ఏరుకున్నానో.
నాలిక చివర పెట్టుకున్నాను.
ఉప్పగా ఉంది.
ఏ ఊరిదో చెప్పలేకపోయాను.