ఒకే కోటు

హన్మకొండ చౌరస్తాల
రెండో అంతస్తు మీద అఫ్సర్ భాయ్ స్టూడియో.
మెట్లకు రెయిలింగు లేదు.
తలుపు ఎన్క మేకుకు ఒక నీలం కోటు
మనిషి లేకుండ వేలాడుతుంటది.

"ప్రొఫైల్ ఫొటోనా?" అన్నడు, నా మొకం చూడకుండనే.
"నూట ఇరవై. కోటు ఫ్రీ."

లోపల ఇంకొకరి చెమట, ఇంకొకరి అత్తరు,
కాలరు మీద ఎవరిదో పౌడరు.
భుజాలు నాకన్న రెండంగుళాలు పెద్దయి.
రెండో గుండీ లేదు.
"చేతులు కట్టుకోండి మేడం, గుండీ కనవడది,
కాన్ఫిడెన్స్ కనవడ్తది."
కట్టుకున్న.
మా తాత దొర ముందట ఇట్లనే నిలవడేటోడంట.

కొత్తవాడ సొసైటీల పదమూడేండ్లు
రంగుల గది నాదే.
ఏ నూలు ఎంత తాగుతదో వేలితోని ముట్టి చెప్పేదాన్ని.
సొసైటీకి తాళం పడ్డంక
నన్ను నేను చెప్పుకోను ఒక వాక్యం కావాల్సొచ్చింది.

మడికొండ ఐటీ పార్కుల చేసే నస్రీన్
రాత్రి తొమ్మిదికి ఫోన్‌ల కూసోని రాయించింది.
"హెడ్‌లైన్‌ల రెండొందల ఇరవై అక్షరాలే అక్కా, నువ్వెవరో చెప్పు."
రంగులేస్త, అన్న.
"పెయింటర్ అనుకుంటరు."
అద్దకం, అన్న.
"ఎవ్వలు వెతుకరు ఆ మాట."
ఆఖరికి
'టెక్స్‌టైల్ కలర్ స్పెషలిస్ట్' అని తేలింది.
పెద్దగ చదివి చూసుకున్న.
వంటింట్లకెల్లి మా మొగిలి
"ఎవరొచ్చిన్రు?" అని అడిగిండు.

నైపుణ్యాలు ఐదు పెట్టాలంట.
మే నెలల మసిలే గంగాళం చుట్టు
ఆరుగురం ఆడోళ్ళం,
లచ్చి రంగు ఎక్కువైందని ఒకలను ఒకలం తిట్టుకుంట
పొద్దుగూకేటాలకు నూటెనిమిది లచ్చిలు ఆరేసుడు,
దాన్నేమనాలె?
"టీమ్ మేనేజ్‌మెంట్," అన్నది నస్రీన్, టైపు చేసుకుంటనే.

మొదటి వారం జంపఖానా ఫొటో పెట్టిన.
ముగ్గురు మెచ్చుకున్నరు:
ఇద్దరు చుట్టాలు, ఒకలు నస్రీన్.

ఒక రాత్రి నిద్రవట్టక గీకుకుంట పోతుంటే
పరకాల పిలగాడు, ఫార్మసీ చదివిండంట,
నీలం కోటు.
నర్సంపేట డ్రోన్ ఆపరేటరు,
నీలం కోటు.
జమ్మికుంట మార్కెట్ల పత్తి గ్రేడు చూసే ఆమె,
అదే కోటు, కాలరు మీద అదే పౌడరు.
అందరు చేతులు కట్టుకున్నోళ్ళే
లేటుగొచ్చి సారు ముందట నిలవడ్డట్టు.

నవ్వొచ్చింది.
కొద్దిసేపటికి నవ్వు రాలె.

జమ్మికుంట ఆమెకు రాసిన:
"మీకు గూడ భుజాలు పెద్దయినయా?"
తెల్లారి జవాబొచ్చింది:
"ఎన్క రెండు పిన్నీసులు పెట్టించుకున్న."
పేరు భూలక్ష్మి.
దూది పింజ చూసి ఏ మండలం నేలో చెప్తదంట,
ప్రొఫైల్‌ల మాత్రం 'క్వాలిటీ అనలిస్ట్'.
"సిరిసిల్లల ఒకాయన
రంగులు తెలిసినోళ్ళ కోసం అడుగుతున్నడు,
మీ పేరు చెప్పనా?"
చెప్పు, అన్న.
ఆయన ఇంక ఫోన్ చెయ్యలె.

శనివారం
మొగిలి పాత అంగీ గుండీ ఒకటి తెంపుకొని
సూది కొంగుకు గుచ్చుకొని మెట్లెక్కిన.
అఫ్సర్ భాయ్ టిఫిన్ డబ్బా ముందట ఉన్నడు.
"మళ్ల ఫొటోనా మేడం?"
"కాదు. కోటు ఇటియ్యి."
ఇంట్ల నీలం దారం అయిపోయింది, ఎర్రదే ఉండె.
పదమూడేండ్లు రంగుకు రంగు కలిపినదాన్ని,
సిగ్గయింది గని కుట్టిన.

నిన్న కొత్తగ ఒకామె కనవడ్డది.
ములుగు, ల్యాబ్ టెక్నీషియన్.
కోటు మనదే.
చేతులు కట్టుకోలె, ఇడిసిపెట్టింది.
వేళ్ళతోని ఫొటో పెద్దగ చేసి చూసిన,
రెండో గుండీ నడుమ
చిన్న ఎర్ర చుక్క.

నైపుణ్యాల కింద ఇంకొకటి చేర్చుమని
ఖాళీ డబ్బా అడుగుతనే ఉన్నది.
వేలు దాని మీద పెట్టి
ఇంక ఏం రాయలె.