చెంగల్రాయుడి నంబరు

రెండో శనివారం పొద్దున చచ్చిపొయినాడు చెంగల్రాయుడు.
ఆఫీసు తెరిచేది సోమవారం.
అందుకని రెండు రాత్రులు
పెనుమూరులో, వాళ్ళింటి ముందర రేకుల కింద
చిత్తూరు నించి బాడిగకు తెచ్చిన ఐసు పెట్టెలో పండుకోనుండాడు.
మంచు అలవాటైన మనిషేలే అన్నారెవరో.
ఎవరూ నవ్వలా.

సోమవారం పదిన్నరకి
సైనిక సంక్షేమం ఆఫీసులో నేను.
గుమస్తా మంచోడే. కుర్చీ వేసినాడు.
"పింఛనుందా సార్ ఆయనకి?"
లేదు. ఊపిరితిత్తులు బాగలేదని తొమ్మిదేండ్లకే పంపించేసినారు.
"మెడలేమన్నా?"
వంటోడికి ఎవురిస్తారు నాయనా.
"పోనీ, డిశ్చార్జి బుక్కు?"
చెదలు తినేసింది.
నంబరుండాది,
అన్నం పళ్ళెం అడుగున మేకుతో పొడుచుకున్నది.
చదువు రాని అమ్ములమ్మ
నలభై ఏండ్లుగా బూడిదేసి తోమి తోమి
వేలితో చదువుతాది దాన్ని.

సంచిలోంచి పళ్ళెం తీసి బల్ల మింద పెట్టినా.
తిరగేసి చూసినాడు, కంప్యూటర్లో కొట్టినాడు గూడా.
"పాత రికార్డు, దొరకదు సార్.
దొరికినా రూలు ఒప్పుకోదు" అని
మెల్లగా చెప్పినాడు,
పక్క గదిలో ఎవరో నిద్రపోతా ఉన్నట్టు.

రూలు నాకు తెలుసు.
దాని ప్రకారం నాకొస్తాదంట పూలచక్రం.
ఇరవై నాలుగేండ్లు జబల్పూరు గోడౌన్లో
బూట్లు లెక్కపెట్టినోణ్ణి నేను.
వాడు పద్నాలుగు వేల అడుగుల పైన
ఉడకనంటే ఉడకని కందిపప్పుతో
రాత్రంతా కొట్లాడినోడు.
వాడి చేతి చారు తాగి గస్తీకి పోయిన పిల్లోళ్ళు కొందరు
జెండాల్లో ఇండ్లకు పోయినారు.
వాళ్ళను హెలికాప్టరెక్కించే పొద్దు
బిగిల్ వింటా గంజి వార్చేది మర్చిపోయినానన్నా,
ఆ ఒక్క పూటే అన్నం మాడింది, అన్నాడొకసారి.

మేనల్లుడు ఎమ్మెల్యేకి ఫోను చేద్దామన్నాడు.
వార్డు మెంబరు, బడిలో ఆగస్టు జెండా తెచ్చి కప్పేస్తా, ఎవురు చూసొచ్చినారన్నాడు.
నేనే వద్దన్నా. తప్పన్నా.
తప్పేనా?
ఇంకా తేలలా నాకు.
అమ్ములమ్మ మాత్రం ఒకటే అడిగింది:
"పళ్ళెం వాపసు తెచ్చినావా అన్నా?"

మూడు గంటలకు ఎత్తినారు.
పలకలోళ్ళు ఏ కాగితమూ అడగలా.
గంగులప్ప, ఆయన కొడుకులిద్దరూ
ఎండుటాకుల మంట మింద పలకలు కాచుకొని
దోవ పొడుగునా వాయించినారు.
గుంతలోకి దించేటప్పుడు
నాకే తెలీకుండా నా గొంతులోంచి వచ్చేసింది:
"సావధాన్!"

తమకే చెప్పినాననుకొని
టక్కున ఆపేసినారు పలకలు.
పక్క తోపులో తోతాపురి కాయలు కోసేవాళ్ళు గూడా
చెట్ల మిందే నిలబడిపోయినారు.
మట్టి పట్టుకున్న చేతులు అట్లే ఉండాయి.
నా చెయ్యి కణత కాడ.
ఎంతసేపో.

ఆఖరికి గంగులప్ప దగ్గరకొచ్చి
చెవిలో అడిగినాడు:
"మళ్ళా మొదులుపెట్టేదా సామీ,
ఇంకా ఉండాల్నా?"