ఆధారితుల గడి

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కిస్తుంటే
సామాను బండి వెనక చక్రం బురదలో దిగబడింది.
డ్రైవరు నా వంక చూశాడు.
నేను హెప్సిబా వంక చూశాను.
హెప్సిబా ఒళ్ళో చెక్కపెట్టె వంక చూసుకుంది.

గ్యాసు బండ, గ్రైండరు, మడత మంచం,
మా అమ్మ కట్టిచ్చిన ఎండు మెత్తళ్ళ మూట
అన్నీ వెనకాల ఎండలో.
పెట్టెలో ఆరు సీసాలు మాత్రం ముందు సీట్లో.
"ఇయ్యి పచ్చడా అమ్మా?" అంది నిస్సీ.
"మట్టి."
"మట్టికి మూతెందుకూ?"
వశిష్ఠ దాటేదాకా ఇద్దరం జవాబు వెతుకుతూనే ఉన్నాం.

పాలకొల్లు, వీరవాసరం, భీమవరం.
దారంతా చెరువులే, చెరువుల్లో తెల్లటి నురగ.
కిటికీ దించి వింటే చెప్పగలను
ఏ ఏరేటరు బేరింగు అరిగిందో, ఏది రేపటికి ఆగిపోతుందో.
పదకొండేళ్ళ చదువు నాది, సర్టిఫికెట్టు లేదు.
పిప్పర దాటాక ఆ చప్పుడు పలచబడి
గూడెం అవతల నేల ఎర్రబారింది.
మా టైర్లకి మాత్రం ఇంకా నల్లమన్నే.

పెళ్ళయిన స్కాలర్లకి రెండంతస్తుల బ్లాకు.
ఒక గది, ఒక వంటిల్లు, బట్టలారేసేంత వసారా.
గోడలకి మేకులు కొట్టరాదు.
సరే, మా ప్రభువు పటం నేల మీదే ఆనుకుని కూర్చుంది.
ఆఫీసులో కాగితం ఇచ్చారు.
స్కాలరు పేరు: నేలపూడి హెప్సిబా.
కింద ఆధారితుల గడి.
ఒకటి, నిస్సీ, కూతురు, నాలుగేళ్ళు.
రెండు,
పెన్ను అక్కడ కాసేపు ఆగింది. ఇంకు చుక్క పెద్దదైంది.
"మీరేం చేస్తారండీ?" అన్నాడు గుమస్తా.
"రొయ్యల చెరువుల్లో మోటార్లు బాగుచేస్తానండి."
"ఇక్కడ చెరువుల్లేవుగా."
"ఆయ్, లేవండి."
రత్నరాజు, భర్త, అని నేనే రాశాను,
దస్తూరీ బాగుండాలని నెమ్మదిగా.

వంటింటి అరల్లో పాత కాగితాలు పరిచి ఉన్నాయి,
మా ముందున్న వాళ్ళెవరిదో థీసిసు.
చింతపండు డబ్బా కింద 'ఫలితాలు', బియ్యం డబ్బా కింద 'చర్చ'.
హెప్సిబా ఒంగుని అది చదువుతూ
అన్నం మాడబెట్టింది.
ముగ్గురం పైపై మెతుకులు తిన్నాం.

రాత్రి నిద్ర పట్టలేదు.
ఏరేటర్లు లేని రాత్రి ఇంత ఖాళీగా ఉంటుందా.
కిటికీ గట్టు మీద సీసాలు ఆరూ వరసగా.
రెండో నంబరు మా చేను.
మా నాన్న మూడు సార్లు నాటి మూడు సార్లూ ఎర్రగా మాడిపోయిన చేను.
పక్క చెరువు ఉప్పు ఊరి ఊరి వచ్చిందని ఊరంతా అంటారు.
ఆ చెరువులో మోటార్లు తిప్పింది నేనే.
నెలకి పద్నాలుగు వేలు.
హెప్సిబా దరఖాస్తు ఫీజు, నిస్సీ కాన్పు ఖర్చు
ఆ నీళ్ళలోంచే వచ్చాయి.
ఉప్పెంతో ఆమె కొలుస్తుంది.
అందులో నా వాటా ఎంతో
అడగలేదు. ఆమే చెప్పలేదు.
నిద్రలో తన చెయ్యి నా మీద పడింది.
మట్టి తవ్వి తవ్వి ఆ గోళ్ళు మా అమ్మ గోళ్ళలా ఉన్నాయి.

తెల్లారి కుళాయిలు గుర్రుమని ఆగిపోయాయి.
మెట్ల మీద బిందెలు, బకెట్లు, ఎవరో తమిళంలో తిట్లు.
పంపు షెడ్డు తలుపు తీసి చూశాను,
కెపాసిటరు ఉబ్బిపోయింది, అంతే.
నా పెట్టెలో ఒకటుంది.
"ఎవరి తాలూకా అండీ మీరు?" బకెట్టుతో ఒకావిడ.
నోటికి వచ్చినట్టే వచ్చింది:
"పదమూడో నంబరు హెప్సిబా గారి తాలూకానండి."

మొదట తుప్పు, తర్వాత నురగ, తర్వాత నీళ్ళు.
నిస్సీ దోసిలి పట్టి ఒక గుక్క తాగింది,
మొహం చిట్లించింది,
ఇంకో గుక్క తాగి చూసింది.
"నాన్నా, ఇందులో ఏదో తక్కువైంది."