మూడింటికి

బస్సు మూడు రాత్రులు నడిచింది.
బారి రేవులో ఓడెక్కి, గ్రీసులో దిగి,
టర్కీ అంతా నిద్రలో దాటితే
సర్పి సరిహద్దులో తెల్లారింది.
పదకొండేళ్లు ఈ బస్సుకే మూటలిచ్చాను:
ఆలివ్ నూనె, కాఫీ పొడి, మనవడికి బూట్లు.
కిలోకి ఇంతని డ్రైవర్ జుంబేర్ కాటా మీద పెట్టి చూసేవాడు.
ఈసారి నన్ను చూసి నవ్వాడు:
"నిన్నెలా తూచమంటావ్, త్సియాలా?"

త్సియాలా.
నిండు పేరు విని ఎన్నాళ్లయిందో.
అక్కడ ఎవరికీ నోరు తిరగక లియా అన్నారు.
లియా మంచిదే.
గురువారం మధ్యాహ్నాలు సెలవు దొరికితే
సముద్రం ఎదురుగా బెంచీ మీద
తనలాంటి ఆడవాళ్లతో కూర్చుని
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
ఇంటికెళ్లాక ఏం చేస్తానో చెప్పేది.
ప్రతి వారం ఒక్కటే మాట, కొత్తగా చెప్పేది.
లియాని ఆ బెంచీ మీదే వదిలేసి వచ్చానేమో.

చియతూరా లోయ అలాగే ఉంది.
మాంగనీసు కలిసి ఏరు ఇంకా నల్లగానే పారుతోంది.
కొండ మీదికి లాగే పాత ఇనుప డబ్బాలు మాత్రం లేవు.
కొత్త కోడలిగా ఆ తుప్పు డబ్బాలో ఊగుతూ
ఒతారి చొక్కా పట్టుకుని పైకెళ్లాను ఒకనాడు.
ఇప్పుడివి అద్దాల డబ్బాలు, చప్పుడుండదు.
ఎక్కాను. భయం వేయలేదు.
ఆ భయం ఎక్కడ పారేసుకున్నానా అని వెతుక్కున్నాను.

నా డబ్బుతోనే మారిన ఇల్లు.
వంటింటి పలకలు ఫోన్లో చూసి నేనే ఎంచాను.
ఎదురుగా నిలబడి చూస్తే మరీ ఆకుపచ్చ.
చీకట్లో స్విచ్చి కోసం కుడివైపు గోడ తడుముతుంటే
"ఎడమ పక్క," అన్నాడు ఒతారి,
చుట్టానికి చెప్పినంత మెల్లగా.
ఖతూనా అంచున బంగారు గీతున్న గ్లాసులో వైన్ పోసింది.
ఆ గ్లాసులు నేను పంపినవే.
ఇంట్లోవాళ్లు వాటిలో తాగరు.

సాబా నా చెంప ముద్దు పెట్టుకుని
ఎంతసేపు నిలబడాలో తెలియక అలాగే నిలబడ్డాడు.
నేను వెళ్లేనాటికి వాడికి ఏడాది.
మంచం కింద చూపించింది ఖతూనా:
వరసగా, డబ్బాల్లోనే, బూట్లు.
వాడి పాదం బస్సు కంటే వేగంగా పెరిగిందట.
"పారేయలేకపోయాను, అత్తయ్యా. ఎవరికైనా ఇవ్వడానికీ మనసొప్పలేదు."
అరచేతిలో పట్టే జత మొదటిది.
అక్కడి నుంచి గోడ దాకా
నేను చూడని పిల్లాడు నడుచుకుంటూ వెళ్లాడు.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది.
అది ఫిలోమెనా గారిని పక్కకి తిప్పే వేళ.
తిప్పకపోతే వీపు పుళ్లు పడుతుంది.
ఆరేళ్లు, రాత్రికి రెండుసార్లు,
ఆవిడ బరువునీ, నా బతుకునీ తిట్టుకుంటూ తిప్పాను.
ఫిబ్రవరిలో పోయింది.
కొడుకు గది ఖాళీ చేయడానికి ఎనిమిది రోజులిచ్చాడు,
తల్లి ఉన్ని శాలువా కూడా ఇచ్చాడు.
పిచ్చి చేతులు. వాటికి కబురందలేదు.
ఒకటి ఒతారి భుజం కింద దూరింది, ఇంకొకటి తుంటి మీద ఆనింది,
మనిషిని మెల్లగా గోడవైపు తిప్పేశాయి.
"ఏమైంది?" ఉలిక్కిపడి లేచాడు.
ఏం లేదు, పడుకో, అన్నాను.
అన్నది ఇటాలియన్‌లో అని తర్వాత తెలిసింది.
ఆయన ఏమీ అడగలేదు. పడుకున్నాడు.
నిద్రపోలేదు. ఊపిరి చెబుతుంది,
మనుషుల ఊపిరి వినడమే కదా నా ఉద్యోగం.

లేచి, మంచం కిందికి వంగి
వరసలో చివరి డబ్బా లాగాను.
పోయినేడాది పంపినవి, ముప్పై ఎనిమిదో నంబరు.
తొడుక్కున్నాను.
నా కొలతే.
కొత్త తోలు కిర్రుమంటుంటే
ఒకరి నిద్ర చెడగొడతానని మునివేళ్ల మీద
వంటింట్లోకి వెళ్లి
దీపం వేద్దామని చెయ్యి చాపాను.
మళ్లీ కుడివైపే.