శీతాకాలం ఎన్ని ఆకులు

ఐదు డిగ్రీల గది.
తలుపు మూసుకోగానే ఫ్యాన్ల హోరు.
బయట నారిచ్‌లో జూన్ నెల,
కోల్నీ లేన్ మీద సైకిళ్ళు, పొట్టిచేతుల చొక్కాలు.
లోపల నేను ఉన్ని టోపీ పెట్టుకుని
మొక్కలకి చలికాలం వడ్డిస్తున్నాను,
వారాల లెక్కన.

ఇవి ఆవ మొక్కకి దూరపు చెల్లెళ్ళు.
ఆవగింజలో అరవయ్యోవంతు అంటాం కదా,
ఆ మాటన్నవాళ్ళు వీటి గింజ చూసే అన్నారేమో.
తడిపిన పుల్ల కొసకి అంటించి
ఒక్కొక్కటే నాటాలి, ఊపిరి బిగబట్టి.
తుమ్మితే ఒక ప్రయోగం పోయినట్టే.

వీటిలో ఒక జన్యువుంది. దాని పనల్లా వద్దనడం.
ఇప్పుడే పూయొద్దు, ఇంకా పూయొద్దు,
గడపకి అడ్డంగా కూర్చున్న మేనత్తలా.
చలి వచ్చి దాన్ని చాప చుట్టినట్టు చుట్టేస్తుంది.
ఒక్కరోజులో కాదు.
ఇవాళ ఈ కణంలో, రేపెప్పుడో పక్క కణంలో.
ఏ కణానికీ సగం చలి తెలియదు:
చుట్టుకుందా, లేదా, అంతే.
ఎన్ని కణాలు చుట్టుకున్నాయో
అదే మొక్కకి తెలిసిన శీతాకాలం.
ఎండలోకి తెచ్చాక కూడా విప్పుకోవు.
మెదడు లేకుండానే ఇంత పట్టుదల.

గురువారాలు డెస్మండ్ వస్తాడు.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఈ గాజు ఇళ్ళకి కాపు.
ఇప్పుడు కూతురు ఫిలిపా కారులో దింపి వెళుతుంది,
కోటు గుండీలు పెట్టి,
జేబులో నా పేరు రాసిన చీటీ పెట్టి.
అతని స్కాన్ ఆమె ఫోన్‌లో చూపించింది.
చెవులకి లోపలగా, లోతుగా,
సముద్రపు గుర్రంలా వంపు తిరిగిన చిన్న ముద్ద,
దాని చుట్టూ నల్లటి ఖాళీ.
డాక్టరు వేలు పెట్టి చూపిస్తే
అతను మర్యాదగా తలూపాడట,
ఎవరిదో ఇంటి ప్లాను చూస్తున్నట్టు.

మట్టిని మాత్రం అతని చేతులు మర్చిపోలేదు.
ట్రే నింపుతాడు, అంచు మీద అరచేయి ఈడుస్తాడు,
రెండుసార్లు తడతాడు. మూడోసారి తట్టడు.
చేతుల చదువు మెదడు వేరే గదిలో దాస్తుందని
ఎక్కడో చదివాను.
ఆ గదికి ఇంకా నీళ్ళు చేరలేదు.

ఆ వారం నేనొక తప్పు చేశాను.
తడుపుతుంటే పద్నాలుగో ట్రే చీటీ మీద సిరా కరిగిపోయింది.
నాలుగు వారాల చలా, ఎనిమిదా?
నోట్‌బుక్ మేడ మీద ఉంది.
డెస్మండ్ కళ్ళజోడు పైకి నెట్టి
వంగి ఆకులు లెక్కపెట్టాడు.
చలి తక్కువ తిన్న మొక్క ఆకులేస్తూనే ఉంటుంది,
బాగా తిన్నది ఏడెనిమిది ఆకులకే తొందరపడుతుంది.
ఇది నాకు నేర్పింది అతనే, తొమ్మిదేళ్ళ కింద.
అప్పుడు నా పేరు సరిగ్గా పలికేవాడు.

"ఆరు వారాలు" అన్నాడు.
ఆరు వారాల ట్రే ఈసారి పెట్టనే లేదు.
ఆ మాట చెప్పలేదు.
తర్వాత చూస్తే ఎనిమిది.
పుస్తకంలో ఎనిమిది రాసి
పక్కన పెన్సిల్‌తో ఆరు కూడా రాశాను.
ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించలేదు.

సాయంత్రం గింజలు దులుపుతుంటే
జల్లెడ పక్కన నిలబడ్డాడు.
వీటికి కూడా చలి గుర్తుంటుందా అని అడిగాడు.
ఉండదన్నాను. గింజ కట్టేటప్పుడే
చుట్టిన చాపలన్నీ విప్పుకుంటాయి,
ప్రతి గింజా మళ్ళీ వద్దనడంతోనే మొదలు.

"మంచి పని" అన్నాడు. కాసేపాగి,
"వెన్సమ్ గడ్డకట్టిన ఏడు
మా అమ్మ నన్ను భుజానెత్తుకుని నది దాటింది.
బూట్ల కింద మంచు మూలిగింది."
పోయిన గురువారం ఎత్తుకున్నది వాళ్ళ నాన్న.
అంతకుముందు గురువారం దాటనే లేదు, ఒడ్డున నిలబడ్డారు.
మూలుగు మాత్రం ప్రతిసారీ ఉంది.

బయట ఫిలిపా హారన్ కొట్టింది.
అతను కాగితం కవరు అంచు మడిచి,
గోటితో గీసి, మళ్ళీ మడిచాడు.
ఒక్క గింజా జారలేదు.